గేర్ల బాబాయి దగ్గరున్న సగం

రిపేరు షెడ్డు,
సోమవారం పొద్దున

మహారాజశ్రీ బావగారి దివ్యసముఖమునకు,

సమస్త బంధుమిత్రులకూ, ఇరుగుపొరుగువారికీ, ముఖ్యంగా నీళ్ళూ సబ్బూ చేతికందే దూరంలో మసలే ప్రతి ఒక్కరికీ ఇందుమూలంగా తెలియజేయడమేమనగా: నేటి నుంచి ఈ షెడ్డు గోడల లోపల, నా రాతపూర్వక అనుమతి లేనిదే, ఏ దుప్పటినీ ఎవరూ ఎత్తరాదు, దులపరాదు, మడవరాదు, ఉతకరాదు. దుప్పటి ఎంత మురికిగా ఉన్నా అది దాని జన్మహక్కు. ఈ ఉత్తర్వును మీరినవారు ఎంతటివారైనా, చివరికి నేను కట్టుకున్న ఇల్లాలే అయినా, కఠిన శిక్షకు పాత్రులు. శిక్ష ఏమిటన్నది ఇంకా తేలలేదు. శిక్ష వేయవలసినవాడు ప్రస్తుతం ఆవిడ వడ్డిస్తేనే తింటున్నాడు.

ఈ ప్రకటన షెడ్డు తలుపు మీద అంటించాను. మీకొక ప్రతి పంపకపోతే మర్యాదగా ఉండదని రాస్తున్నాను.

ఇక పోతే ఒక చిన్న ముక్క. డాక్టరమ్మగారి పాత నల్లకారు మీకు తెలుసుగా? దాన్ని చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. ఆ కంపెనీవాళ్ళు మెకానిక్కుల కోసం ఒక లావుపాటి రిపేరు పుస్తకం అచ్చేశారు. మీరెలాగూ పాత పుస్తకాల సందులో కాళ్ళరిగేలా తిరుగుతుంటారు కదా, కంటబడితే ఒకటి కొని పంపండి. అవసరమేం లేదు. అరలో పెడితే షెడ్డుకి నిండుగా ఉంటుందని. మొత్తం దొరక్కపోయినా గేరుబాక్సు భాగం ఉంటే చాలు. తొందర కూడా ఏం లేదు. రేపొచ్చినా తీసుకుంటాను.

అక్కని అడిగానని చెప్పండి.

ఇట్లు,
మీ విధేయుడైన బావమరిది

*

అచ్చాఫీసు, ప్రూఫుల గది,
గురువారం

బావమరిదికి ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. ఎర్ర సిరాతో దిద్ది ఉంచాను, వచ్చినప్పుడు తీసుకెళ్ళు.

"తొందర కూడా ఏం లేదు" అన్నదానికీ "రేపొచ్చినా తీసుకుంటాను" అన్నదానికీ మధ్య ఒక్క చుక్క ఉంది. జీవితమంతా ప్రూఫులు దిద్దినవాణ్ణి. మనుషులు దేన్నయినా దాచిపెడితే అలాంటి చుక్క వెనకాలే దాస్తారు.

కానీ నిన్ను నమ్మి కదిలే ఓపిక నాకు లేదు. పోయిన ఏడాది ఏం రాశావు? "ఉత్తమ మెకానిక్ బహుమతి ఇస్తున్నారు, బావ ముందు వరసలో లేకపోతే వేదిక ఎక్కను" అన్నావు. కోటు తొడుక్కుని, రెండు బస్సులు మారి హాలుకొచ్చాను. గుమ్మంలో నా పేరు రాసుకున్నారు, లోపలికి తీసుకెళ్ళి పడుకోబెట్టారు, చేతికి సూది గుచ్చారు. అది రక్తదాన శిబిరమని నాకు తెలిసేసరికి సగం సంచి నిండింది. మధ్యలో లేచిపోతే పరువు పోతుందని మిగతా సగం కూడా ఇచ్చాను. నువ్వు కిటికీ బయట నిలబడి చప్పట్లు కొట్టావు.

ఫోను చేస్తానని మాత్రం అనకు. మా మేనేజరు గొంతుతో నన్ను ఆదివారం ఆఫీసుకి రప్పించిన రోజు నుంచి నీ ఫోను ఎత్తకూడదని ఒట్టు పెట్టుకున్నాను. ఏదన్నా ఉంటే కాగితం మీద రాయి, కింద సంతకం పెట్టు. కాగితం మీద నువ్వు గొంతులు మార్చలేవు.

మీ అక్క నీ ప్రకటన రెండుసార్లు చదివి, "దుప్పటి గురించి వీడు ఇంత రాశాడంటే ఆ దుప్పటి మీద ఏదో ఉండి ఉంటుంది" అంది. ఏముంది?

బావ

*

రిపేరు షెడ్డు,
శనివారం

బావగారికి నమస్కారాలు.

గేరుబాక్సు ఉంది బావా. దుప్పటి మీద గేరుబాక్సు ఉంది. అంటే, ఉండేది.

మొదటి నుంచీ చెప్తాను. డాక్టరమ్మ ఇల్లు ఖాళీ చేసి కూతురి దగ్గరికి వెళ్ళిపోతోంది. ఈ నెలాఖరుకి ప్రయాణం. తన కారులో, తనే నడుపుకుంటూ వెళ్తానంటుంది. మూడో గేరు వేస్తే నిలవడం లేదు, జారిపోతోంది, చూడరా అని తెచ్చి షెడ్డులో పెట్టింది. బాగుపడకపోతే కూతురు పంపే కారులో వెళ్ళాలి, ఇది పాత ఇనుము కొనేవాడికి పోతుంది. వాడు అప్పుడే వచ్చి చుట్టూ తిరిగి చూసిపోయాడు, పెళ్ళిచూపులకొచ్చినట్టు.

ఆవిడ నాతో ఏమందంటే, "ఒక్కసారి వెనక సీట్లో కూర్చోబెట్టారంటే ఇక నన్నెవరూ ముందు సీటుకి రానివ్వరురా" అంది. నా కూతురు కడుపులో అడ్డం తిరిగినప్పుడు నిలబడి బయటికి తీసిన చేతులు అవి. ఆవిడ ముందు నేను పెద్ద మొనగాణ్ణి లాగా "ఓస్, ఇంతేనా" అన్నాను. ఆ 'ఓస్' ఉంది చూశారూ, అదే నా కొంప ముంచింది.

నాన్న పద్ధతి మీకు తెలుసు. విప్పిన ప్రతి ముక్కనీ విప్పిన వరసలోనే దుప్పటి మీద ఎడమ నుంచి కుడికి పేర్చాలి. కాగితం మీద గీయడం, రాయడం ఉండదు. దుప్పటే జ్ఞాపకం. బిగించేటప్పుడు కుడి నుంచి ఎడమకి వెనక్కి నడుచుకుంటూ రావడమే. అలాగే పేర్చాను. గేర్లు, షాఫ్టులు, బేరింగులు, గోళీలు, స్ప్రింగులు, చూడ్డానికి కవలపిల్లల్లా ఉండి మందంలో వెంట్రుకవాసి తేడా ఉండే వాషర్లు. పేర్చి, ఆయిలు కొందామని బజారుకెళ్ళాను.

వచ్చేసరికి దుప్పటి తీగ మీద ఆరుతోంది.

మీ చెల్లెలు ముక్కలన్నీ బకెట్లో వేసి, సబ్బు పెట్టి తోమి, తుడిచి, పెద్దవి పెద్దవాటితో, చిన్నవి చిన్నవాటితో కలిపి వంటింటి డబ్బాల్లో సర్దింది. నేను నోరు తెరిచేలోపే, "మురికి దుప్పటి, దాని మీద మురికి ఇనుము. రెండూ శుభ్రం చేసి పెట్టాను. ఇంకేంటి, హారతివ్వనా?" అంది.

"గేరుబాక్సుకి పుస్తకం లేదా, పెద్ద మెకానిక్కువి" అని మీరు అడుగుతారు. ఉంది. సగం ఉంది. నాన్న ఒకప్పుడు గేర్ల బాబాయితో కలిసి ఈ షెడ్డు నడిపాడు. మీ పెళ్ళికి చాలా ముందు సంగతి. నాన్నది ఇంజను పని, బాబాయిది గేర్ల పని. ఇద్దరూ పోట్లాడుకుని విడిపోయినప్పుడు జాకీలు పంచుకున్నారు, స్పానర్లు పంచుకున్నారు, చివరికి ఈ పుస్తకం మిగిలింది. నాకూ కావాలంటే నాకూ కావాలని చెరో అట్టా పట్టుకుని లాగారు. కుట్టు దగ్గర సరిగ్గా రెండయింది. ఇంజను సగం నాన్నకి, గేర్ల సగం బాబాయికి. అప్పటి నుంచి ఈ షెడ్డులో ఆ కారు గేరుబాక్సు మూత ఎవరూ తెరవలేదు. నేను తెరిచాను. ఓస్ ఇంతేనా అని.

నా చేతిలో గేర్ల సగం లేకపోతే డాక్టరమ్మ వెనక సీట్లో కూర్చుంటుంది. ఇందులో వేళాకోళం ఏమీ లేదు. పైన ఒక సంతకం, కింద ఒక సంతకం పెడుతున్నాను. చాలకపోతే వేలిముద్ర కూడా ఉంది, మూలన నల్లగా కనిపించేది అదే.

మీ బావమరిది

*

ఇల్లు, మేడ మీది గది,
ఆదివారం సాయంత్రం

బావమరిదికి,

నమ్మాను. వేలిముద్ర చూసి కాదు, ఉత్తరంలో నా మీద ఒక్క జోకు కూడా లేకపోవడం చూసి.

వారం రోజులుగా జవాబు రాయకపోవడానికి కారణం, సందంతా జల్లెడ పడుతున్నాను. మొదటి దుకాణంలో గర్వంగా తీసి ఇచ్చింది ట్రాక్టరు పుస్తకం. "గేర్లే కదండీ, ఎక్కడైనా గేర్లే" అన్నాడు. రెండోచోట అదే కంపెనీది, అదే కారుది దొరికింది. పట్టరాని సంతోషంతో ఇంటికి తెచ్చి చూస్తే అది కారు కొన్నవాళ్ళకిచ్చే చిన్న పుస్తకం. "బయలుదేరుటకు ముందు తలుపులు మూసియున్నవో లేదో చూసుకొనవలెను" అని మొదలైంది. ఆఖరి పేజీ దాకా అదే ధోరణి. మూడోచోట అట్ట అచ్చంగా నువ్వు చెప్పిందే, లావు కూడా సరిపోయింది. తెరిస్తే లోపల టైపు నేర్పే పుస్తకం. ఏ బైండరు చేసిన ఘనకార్యమో! మా వాళ్ళలో ఎవరూ కాకూడదని మనసులో అనుకున్నాను.

నీకు చెప్పకూడదు కానీ, నాకిది హాయిగా ఉంది. మీ అక్క "ఈయనకి మళ్ళీ పాతికేళ్ళొచ్చాయి, చొక్కా మాత్రం దుమ్ముకొట్టుకుపోయి వస్తోంది" అంటోంది.

చివరికి సందు మలుపులో, పుస్తకాల గుట్ట మీదే పీట వేసుకుని కూర్చునే ముసలావిడ దగ్గరికెళ్ళాను. పేరు చెప్పగానే తల ఎత్తింది.

"మళ్ళీ ఆ పుస్తకమేనా? ఒక పెద్దాయన ప్రతి నెలా వచ్చి దాన్నే అడిగి ప్రాణం తీస్తాడు."

"ఆయనకి దొరికిందా అమ్మా?"

"దొరికితే మళ్ళీ ఎందుకొస్తాడు? పైగా ఆయనకి మొత్తం అక్కర్లేదట. ఇంజను ఉన్న మొదటి సగం చాలట. సగం పుస్తకం అడిగేవాణ్ణి ఎక్కడన్నా చూశావా నువ్వు?"

"నాకు రెండో సగం కావాలమ్మా" అన్నాను.

ఆవిడ నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "మీ ఇద్దర్నీ ఒకే ఆసుపత్రి నుంచి వదిలారా?" అంది.

ఆ పెద్దాయన ఇంటి గుర్తులు తీసుకున్నాను. రైలు గేటు పక్కన, నీలం తలుపు ఇల్లు. నువ్వు ఊ అంటే వెళ్తాను. మీ గేర్ల బాబాయే కదూ?

బావ

*

రిపేరు షెడ్డు,
బుధవారం

బావా, బావా, బావా!

ఆయనే! బతికే ఉన్నాడా! మన సగం కోసం తిరుగుతున్నాడా! ఆ సంగతి చదివి మీ చెల్లెల్ని పిలిచి దుప్పటి విషయంలో తాత్కాలిక క్షమాభిక్ష ప్రకటించాను. ఆవిడ "నీ క్షమాభిక్ష నువ్వే ఉంచుకో, డబ్బాలు ఖాళీ చెయ్, పప్పులు ఎక్కడ పోయను?" అంది.

కానీ నా పేరు చెప్పుకుని వెళ్ళారంటే గుమ్మం కూడా ఎక్కనివ్వడు. ఆ పోట్లాట ఎందుకొచ్చిందో మీకు తెలియాలి. ఈ కారుతోనే వచ్చింది. నాన్నా ఆయనా కలిసి దీన్ని బాగుచేసి డాక్టరమ్మకి అప్పగించారు. మర్నాడు ఎవరికో నొప్పులొస్తున్నాయని ఆవిడ ఆదరాబాదరా వెళ్తుంటే, నాలుగు రోడ్ల కూడలిలో గేరు మార్చబోతే గేరు కర్ర ఊడి ఆవిడ చేతికొచ్చింది. మరొకరైతే కారు వదిలి దిగిపోతారు. ఈవిడ ఆ కర్రని కిటికీలోంచి ఊపుకుంటూ, తప్పుకోండి తప్పుకోండి అని అరుస్తూ, రెండో గేరులోనే ఆసుపత్రి దాకా పోయింది. బిడ్డ క్షేమం, తల్లి క్షేమం. షెడ్డే క్షేమంగా లేదు.

కర్ర అడుగున ఉండే బోల్టు బిగించలేదన్నమాట. ఆ రోజు మూత పెట్టేటప్పుడు ఇద్దరూ అక్కడే ఉన్నారు. నువ్వంటే నువ్వని మొదలైంది. నేనప్పుడు నిక్కర్లేసుకునేవాణ్ణి. టైరు మీద కూర్చుని చూస్తున్నాను. చెయ్యి చేసుకోలేదు కానీ నోళ్ళు మాత్రం చాలా పెద్దగా చేసుకున్నారు. సాయంత్రానికి పంపకాలు అయిపోయాయి. ఆ బోల్టు ఎవరు వదిలేశారన్నది మాత్రం పంచుకోవడానికి ఎవరూ ఒప్పుకోలేదు.

కాబట్టి మీరు మారువేషంలో వెళ్ళండి. పాత యంత్రాల మీద పరిశోధన చేసే పండితుడు అని చెప్పండి. మీ కళ్ళజోడు, మీ నడక ఆ వేషానికి కుట్టించినట్టు సరిపోతాయి. మాటల్లో పెట్టి ఆ పేజీలు ఎత్తి రాసుకోండి.

డాక్టరమ్మ రోజూ సాయంత్రం షెడ్డు ముందు నుంచి నడిచి పోతోంది. అడగదు. చూసి పోతుంది. అడిగినా బాగుండు.

మీ బావమరిది

*

ఇల్లు, మేడ మీది గది,
శుక్రవారం

బావమరిదికి,

నీ పథకం ఎంతసేపు నిలబడిందో రాస్తాను.

నీలం తలుపు తట్టాను. సన్నటి పొడుగాటి మనిషి, చేతికి ఇంకా గ్రీసు వాసన. "పాత యంత్రాల మీద పుస్తకం రాస్తున్నానండీ" అన్నాను.

"అలాగా. క్లచ్ ఎక్కడుంటుంది?" అన్నాడు.

"వెనకవైపు..." అన్నాను.

తలుపు మూశాడు. నేను మెట్లు దిగుతుంటే మళ్ళీ తెరిచాడు. "ఇంజనువాడి ఇంటి నుంచేనా వచ్చింది? కొడుకువా, అల్లుడివా?" అన్నాడు.

"అల్లుణ్ణి. ఎలా పట్టారండీ?"

"ఆ షెడ్డువాళ్ళు తప్ప నా దగ్గరికి ఇంత చేతకాని అబద్ధంతో ఇంకెవరొస్తారు? లోపలికి రా."

గది చిన్నది. మంచం, స్టవ్వు, గోడ నిండా అరలు. అరల్లో దేవుడి విగ్రహాల్లా తుడిచి పెట్టిన గేర్లు. ఆ సగం పుస్తకం గుడ్డలో చుట్టి మంచం తలవైపు ఉంది. నా చేతికి ఇవ్వలేదు, తనే పట్టుకుని చూపించాడు. నేను జరిగిందంతా చెప్పాను. దుప్పటి దగ్గర చాలాసేపు నవ్వాడు. "వరస పోయిందా! ఆ వాషర్లు తెలియకుండా పెడితే ఈసారి కర్ర కాదు, చక్రాలు ఊడతాయి" అన్నాడు. డాక్టరమ్మ సంగతి చెప్పగానే నవ్వు ఆపేశాడు.

"మా మొదటి సగం మీకిస్తాం, మీ రెండో సగం మాకివ్వండి" అన్నాను. ఆయనకి ఆశ పుట్టింది, నేను చూశాను. పుట్టిన ఆశని అక్కడే నొక్కేశాడు.

"వాడు పోయాడని నాకు తెలుసు. బస్టాండు దాకా వచ్చాను, వెనక్కి పోయాను" అన్నాడు. పుస్తకం మళ్ళీ గుడ్డలో చుట్టేసి, "వాడు పోయేముందు ఆ బోల్టు గురించి ఏమన్నా అన్నాడా? అంటే ఏమన్నాడు? కొడుకు దగ్గరుండే ఉంటాడుగా. ఉన్నదున్నట్టు రాసి పంపమను. పుస్తకం సంగతి ఆ తర్వాత" అన్నాడు.

ఎంత బతిమాలినా ఆ మాట మీదే ఉన్నాడు. మీ అక్కని అడిగాను. తనకేం తెలియదంది. కాబట్టి నువ్వే రాయాలి. ఒక్క ముక్క చెప్తాను, కోపం తెచ్చుకోకు. ఇందులో నీ వేషాలు పెట్టకు. ఆ మనిషి జవాబు కోసం నా మొహంలోకి చూసిన చూపు నువ్వు చూడలేదు. ఏమీ అనకపోతే ఏమీ అనలేదనే రాయి.

బావ

*

రిపేరు షెడ్డు,
సోమవారం

బావగారికి,

ఇది ఆయనకి చదివి వినిపించండి.

నాన్న ఆసుపత్రిలో ఉన్న ఆఖరి వారంలో ఒక పూట అక్క స్నానానికని ఇంటికి వెళ్ళింది. నేనొక్కణ్ణే ఉన్నాను. గంజి తాగించి గిన్నె కింద పెట్టాను. నాన్న చెంచా మాత్రం వదల్లేదు. స్పానరు పట్టుకున్నట్టు పట్టుకుని గాల్లో ఏదో తిప్పుతున్నాడు. ఏం చేస్తున్నావు నాన్నా అంటే, "ఆ బోల్టురా" అన్నాడు. "ఆ రోజు నేనే బిగించలేదు. వాడు కాదు. నోరు పెద్దది చేసి వాడి మీదికి తోసేశాను. వాడు కనిపిస్తే చెప్పు" అన్నాడు. ఆ తర్వాత నిద్రపోయాడు.

బాబాయి ఎక్కడున్నాడో తెలియక ఇన్నాళ్ళూ నాలోనే ఉంచుకున్నాను.

ఇంతే. ఇంతకన్నా రాయడం నాకు చేతకాదు.

ఇక్కడ పరిస్థితి: ఇనుము కొనేవాడు తాడు తెచ్చుకుని మళ్ళీ వచ్చాడు. డాక్టరమ్మ ఇవాళ లోపలికొచ్చింది. డబ్బాల్లో ఉన్న గేరుబాక్సు చూసింది. తిట్టలేదు. కారు బానెట్టు మీద చెయ్యి వేసి, "పోనీలేరా, దానికీ వయసైపోయింది" అంది. 'దానికీ' అంది బావా.

మీ బావమరిది

*

ఇల్లు, మేడ మీది గది,
గురువారం పొద్దున్నే

ప్రియమైన బావమరిదికి,

నీ ఉత్తరం నిన్న సాయంత్రం తీసుకెళ్ళి చదివాను. విన్నాడు. మళ్ళీ చదవమన్నాడు. చెంచా దగ్గర కళ్ళు మూసుకుని, "వాడు చెంచా కూడా ఎడంచేత్తోనే పట్టుకుంటాడు" అన్నాడు. తర్వాత, "ఇక వెళ్ళు నాయనా" అన్నాడు. పుస్తకం ఊసే లేదు. గుమ్మం దాటి వచ్చేశాను. పని చెడిందనే అనుకున్నాను.

ఇవాళ ఇంకా పాలవాడు కూడా రాలేదు, మెట్ల మీద దగ్గు వినిపించింది. చూస్తే ఆయన. ఉతికిన చొక్కా, చేతిలో సంచి, సంచిలో గుడ్డలో చుట్టిన సగం. "మీ అత్తారి ఊరి బస్సు ఎన్నింటికి?" అన్నాడు.

"పుస్తకం నాకివ్వండి, నేను పంపిస్తాను, ఈ వయసులో మీకెందుకు ప్రయాణం" అన్నాను.

"పుస్తకం ఇవ్వడానికి కాదయ్యా నేను వెళ్ళేది. వాడి కొడుక్కి చెప్పాల్సింది ఒకటుంది. షెడ్డులోనే చెప్పాలి" అన్నాడు. ఎంత అడిగినా అదేమిటో నాకు చెప్పలేదు. మీ అక్క టిఫిను పెట్టింది. సగం తిని సగం పొట్లం కట్టించుకున్నాడు. బస్సులో కూర్చోబెట్టి, డ్రైవరు చేతికే ఈ ఉత్తరం ఇస్తున్నాను. కాబట్టి ఇది చదివి తలెత్తేసరికి నీ ఎదురుగా ఉంటాడు.

నిన్ను అనుమానించినందుకు సిగ్గుపడుతున్నాను. నీ ఉత్తరం మీ అక్కకి చూపించాను. ఆవిడ చాలాసేపు వంటింట్లోంచి బయటికి రాలేదు. రక్తదానం మాఫీ చేశాను.

బావ

*

రిపేరు షెడ్డు,
ఆదివారం మధ్యాహ్నం

బావగారికి,

కారు వెళ్ళిపోయింది. ముందు సీట్లో డాక్టరమ్మ, చేతిలో స్టీరింగు. ఈ మాట ముందు రాసేశాను, ఇక నిదానంగా చెప్తాను.

బాబాయి వచ్చీ రాగానే డబ్బాలన్నీ తెరిపించాడు. ఒక గేరు తీసి, ఎండలో తిప్పి చూసి, మీ చెల్లెలితో "ఇన్నేళ్ళ నా సర్వీసులో ఇంత శుభ్రమైన గేరు చూడలేదమ్మా" అన్నాడు. ఆవిడ నా వైపు చూసిన చూపుకి షెడ్డులో నాకు నిలబడే చోటు లేకుండా పోయింది. నా ప్రకటన తలుపు మీద నుంచి చింపి, దాంతోనే స్టవ్వు వెలిగించి ఆయనకి టీ పెట్టింది.

ఆయన చేతులు ఇప్పుడు వణుకుతున్నాయి. కాబట్టి ఆయన పుస్తకం చదివేవాడు, నేను బిగించేవాణ్ణి. పేజీ తిప్పే ముందే తర్వాతి పేజీలో ఏముందో చెప్పేస్తున్నాడు. మరి పుస్తకం ఎందుకు బాబాయ్ అంటే, "నువ్వు నా మాట నమ్మవుగా, ఇంజనువాడి కొడుకువి" అన్నాడు. రోజంతా ఒకటే సతాయింపు. "వాషరు మందం చూడరా, నా మొహం చూస్తావేం?" "ఆ స్ప్రింగు ఎగిరిందంటే నిన్ను కూడా దాంతో ఎగరేస్తా." నన్ను ఎవరైనా ఇలా తిట్టి ఎన్నాళ్ళయిందో! నాకు కడుపు నిండినట్టుంది.

మూత పెట్టాం. గేరు కర్ర నిలబెట్టాం. బోల్టు ఒక్కటే మిగిలింది. నేను చెయ్యి చాపితే ఇవ్వలేదు. తనే మోకాళ్ళ మీద కూర్చుని, వణికే చేత్తో బిగించాడు. బిగించి, అలాగే కూర్చుని, నా వైపు తిరక్కుండా చెప్పాడు:

"ఆ రోజు దీన్ని చేత్తో తిప్పి వదిలేసింది నేనేరా. స్పానరు కోసం వెళ్ళాను, ఎవరో పిలిస్తే మాటల్లో పడ్డాను. మర్నాడు వాడు అడిగితే 'నువ్వే' అనేశాను. అనేశాక వెనక్కి తీసుకోవడం చేతకాలేదు. వాడు నన్ను తిట్టుకుంటూ పోయుంటాడనే ఇన్నాళ్ళూ అనుకున్నాను. చూడు వాడు చేసిన పని. నా తప్పని వాడికి తెలుసు. తెలిసీ తన నెత్తిన వేసుకుని పోయాడు. ఎంత మనిషిరా మీ నాన్న!"

నేను నోరు తెరిచాను, మూశాను. నా నోటికి మాట దొరక్కపోవడం మీరెప్పుడూ చూడలేదు. చూసే అవకాశం పోగొట్టుకున్నారు.

డాక్టరమ్మ వచ్చి కారు తీసింది. ఒకటో గేరు, రెండు, వీధి చివర మలుపు తిరిగి మూడు. మేమంతా చెవులు రిక్కించి రోడ్డు మధ్యలో నిలబడ్డాం. జారలేదు. బాబాయి రెండు చేతులూ ఎత్తి అరిచాడు. ఇనుము కొనేవాడు కూడా చప్పట్లు కొట్టాడు, పాపం తాడు చంకలో పెట్టుకుని.

పుస్తకం అతికిద్దామా అన్నాను. వద్దన్నాడు. తన సగం నాకిచ్చి, మన సగం తను తీసుకున్నాడు. "నీకు రానిది నువ్వు చదువు, నాకు రానిది నేను చదువుతా" అన్నాడు. డాక్టరమ్మ వెళ్ళే దారిలోనే మీ ఊరు కాబట్టి ఆయన్ని తనే దింపుతానంది. వెనక సీట్లో కూర్చోమంటే ససేమిరా అన్నాడు. ఇద్దరూ ముందే కూర్చున్నారు, సామానంతా వెనక్కి పోయింది.

దారిలో ఆవిడ చుట్టాలింట్లో ఒక పూట ఆగుతారు. అందుకే ఈ ఉత్తరం వాళ్ళకన్నా ముందు మీకు చేరాలని రాత్రి బస్సుకి ఇస్తున్నాను. బాబాయి నేరుగా మీ ఇంటికే వస్తాడు. నాన్న గొప్పతనం గురించి చెప్తాడు. నిన్న టీ కొట్టులో చెప్పాడు, పక్క షెడ్డులో చెప్పాడు, దారిన పోయేవాణ్ణి ఆపి చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ నాన్న ఇంకో గజం ఎత్తు పెరుగుతున్నాడు. మీరు వినండి, అవసరమైతే కళ్ళు తుడుచుకోండి, నోరు మాత్రం విప్పకండి. అక్కకి చెప్పాలా వద్దా అన్నది మీకే వదిలేస్తున్నాను. మీరే పెద్దవారు.

నాన్న ఆఖరి వారంలో ఆ బోల్టు ఊసెత్తాడు, ఆ మాట నిజం. "ఆ గేర్లవాడు వదిలేసి నా నెత్తిన రుద్దాడు" అన్నాడు. ఓపిక ఉన్నప్పుడల్లా అన్నాడు. ఇన్నేళ్ళూ నేను అది మొండితనం అనుకున్నాను. చివరికి ఆయన చెప్పిందే నిజమైంది, అదీ నేనాడిన అబద్ధం వల్ల బయటపడింది. ఈ సంగతి చెప్పుకుని నవ్వుకుందామంటే ఇంకెవరికీ చెప్పే వీల్లేదు బావా, మీకు తప్ప.

అక్క స్నానానికి వెళ్ళడం, చెంచా తిప్పడం, "నేనే బిగించలేదు, వాడికి చెప్పు" అనడం, అవన్నీ ఆ సోమవారం పొద్దున షెడ్డు బెంచీ మీద కూర్చుని, టీ చల్లారేలోపు, నేను అల్లినవి.

మీ బావమరిది